స్కాలర్‌షిప్పా, యాడ్ డబ్బులా, జీతమా: అమెరికా కాలేజీ ఆటగాళ్లకు ఏది మేలు?

ఎం.ఎస్. చదివే రోజుల్లో రెండు సెమిస్టర్లు క్యాంపస్ డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగాను. వారానికి 20 గంటలు, గంట లెక్కన డబ్బులు. ఒక రాత్రి మూసేసే వేళకి ఫుట్‌బాల్ (కాలితో కాదు, చేత్తో బాల్ పట్టుకు పరిగెత్తే అమెరికా ఆట) టీమ్ కుర్రాడొకడు వచ్చాడు. మోకాలికి ఐస్ సంచీ, అది జారకుండా చుట్టలు చుట్టలుగా ప్లాస్టిక్ రేపర్. రెండు మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకున్నాడు. మిగిలిన చికెన్ డబ్బాలో సర్ది ఇస్తే "థాంక్యూ సర్" అన్నాడు. ఆ ఊళ్లో నన్ను సర్ అన్నవాడు అతనొక్కడే. ఆ శనివారం స్టేడియం కిటకిటలాడింది అతని టీమ్ కోసం. వారం తిరిగేసరికి జీతం పడింది మాత్రం నాకు.

అప్పటి రూలు అది. ఆటకి బదులు చదువు, అంతే. ట్యూషన్, గది, తిండి, పుస్తకాలు. దీన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్లని చూస్తే నాకు మండుతుంది. అదే ఫీజు కట్టడానికి మా నాన్న పొలం తాకట్టు పెట్టాడు. అప్పు లేకుండా అమెరికా డిగ్రీ అంటే మన ఇళ్లలో ఎంత మాటో చెప్పక్కర్లేదు. కానీ ఆ చదువు నిజంగా చదువైతేనే కదా. నార్త్ కరోలినా యూనివర్సిటీలో ఏళ్ల తరబడి క్లాసులే జరగని కోర్సుల్లో 3,100 మందికి పైగా విద్యార్థులు చేరారని 2014లో బయటపడింది. వాళ్లలో దాదాపు సగం మంది ఆటగాళ్లు. తిండి సంగతీ అంతే. అదే ఏడాది జాతీయ బాస్కెట్‌బాల్ టైటిల్ గెలిచిన కనెక్టికట్ ఆటగాడు షబాజ్ నేపియర్, కొన్ని రాత్రులు ఆకలితోనే పడుకుంటానని విలేకరులకి చెప్పాడు. అది విన్నాక గానీ కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ భోజనాల మీద పరిమితి ఎత్తేయలేదు.

డబ్బు లేక కాదు. 2023లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ తన ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు, ఒప్పందం ప్రకారం అతనికి రావాల్సింది 7.5 కోట్ల డాలర్లకు పైనే. ఇక కోచింగ్ ఇవ్వక్కర్లేదని చెప్పడానికి అంత!

రెండో దారి 2021 జులై 1న తెరుచుకుంది. ఆటగాడు తన పేరు, ముఖం వాడుకుని యాడ్లు చేసుకోవచ్చు, సంతకాలు అమ్ముకోవచ్చు. అందరూ 'నిల్' (నేమ్, ఇమేజ్, లైక్‌నెస్) అంటారు. అంతకుముందు వీడియో గేమ్‌లో తన రూపం తనే చూసుకుని కోర్టుకెక్కిన మాజీ కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎడ్ ఓబానన్ లాంటివాళ్ల పోరాటం దీని వెనక ఉంది. జిమ్నాస్ట్ లివీ డన్ లాంటి అమ్మాయిలు ఫుట్‌బాల్ వాళ్లతో సమానంగా పేరు, డబ్బు తెచ్చుకున్నది ఈ దారిలోనే. అది నాకు నచ్చింది. నచ్చనిది, యాడ్ ముసుగులో వచ్చే దాతల డబ్బు. ధనిక అభిమానులు కూడబెట్టి మంచి ఆటగాళ్లని ఏడాదికో కాలేజీకి లాక్కుపోతున్నారు. బాల్ పట్టుకు పరిగెత్తేవాడికి కారు దొరుకుతుంది. వాడి ముందు గోడలా నిలబడి దెబ్బలు కాచేవాడి ముఖం ఏ కంపెనీకీ అక్కర్లేదు.

మనలా ఎఫ్-1 వీసా మీద వచ్చినవాడి పరిస్థితి ఇంకా విచిత్రం. 2022లో దేశంలోకెల్లా ఉత్తమ కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాడనిపించుకున్న కాంగో కుర్రాడు ఆస్కార్ షీబ్వే, అమెరికా గడ్డ మీద యాడ్ చేస్తే వీసాకి ముప్పని, టీమ్‌తో బహామాస్ వెళ్లినప్పుడు అక్కడ ఆ పని కానిచ్చాడు. అదే వీసాతో నేను గిన్నెలు కడిగితే మాత్రం తప్పు లేదు.

మూడోది కొత్తది. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన 'హౌస్' కేసు రాజీకి 2025 జూన్‌లో జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదం తెలిపాక, యూనివర్సిటీలే ఆటగాళ్లకి నేరుగా వాటా ఇవ్వొచ్చు. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా. పాత ఆటగాళ్లకి పరిహారంగా పదేళ్లలో 280 కోట్ల డాలర్లు. నిల్ కంటే ఇది మేలే. చెక్కు మీద యూనివర్సిటీ పేరుంటుంది, ఎవరిని అడగాలో తెలుస్తుంది. కానీ ఇందులో ఎక్కువ భాగం ఫుట్‌బాల్‌కీ మగపిల్లల బాస్కెట్‌బాల్‌కీ పోతుంది. ఆడపిల్లలకి సమానావకాశం ఇవ్వాలనే 1972 నాటి టైటిల్ 9 చట్టం ఈ వాటాలకి వర్తిస్తుందా లేదా అన్నదాని మీద గొడవ రగులుతూనే ఉంది.

నాలుగో దారి ఉద్యోగం. ఇక్కడ నా సొంత గొడవొకటి చెప్పాలి. డైనింగ్ హాల్లో ఉల్లిపాయలు తరుగుతుంటే స్లైసర్‌కి వేలు తెగింది. మూడు కుట్లు. సూపర్‌వైజర్ ఒక ఫారం నింపించాడు, క్లినిక్ బిల్లు నాదాకా రాలేదు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం, ఉద్యోగి కాబట్టి. 1955లో కొలరాడోలో రే డెనిసన్ అనే కాలేజీ ఆటగాడు తలకి దెబ్బ తగిలి చనిపోతే, అతని భార్య సరిగ్గా ఈ పరిహారమే అడిగింది. ఉద్యోగి కాదు పొమ్మంది రాష్ట్ర సుప్రీంకోర్టు. 'స్టూడెంట్-అథ్లెట్' అనే మాట పుట్టింది ఇలాంటి దావాల్ని తప్పించుకోవడానికేనని, దాన్ని వాడుకలోకి తెచ్చిన ఎన్‌సీఏఏ మాజీ పెద్ద వాల్టర్ బయర్సే తర్వాత రాసుకున్నాడు.

వాళ్ల గంటలూ కాగితం మీద వారానికి 20కి మించకూడదు, నావిలాగే. కాకపోతే మ్యాచ్ రోజు పొద్దుటి నుంచి రాత్రి దాకా పోయినా మూడు గంటల కిందే రాసుకుంటారు. డార్ట్‌మత్ కాలేజీ బాస్కెట్‌బాల్ కుర్రాళ్లు తామూ ఉద్యోగులమేనంటూ 2024 మార్చిలో 13–2 ఓట్లతో యూనియన్ కావాలన్నారు గానీ, ఆ ఏడాది చివరికి తమంతట తామే వెనక్కి తగ్గారు. ఉద్యోగమంటే పన్నులుంటాయి, తీసేయడాలుంటాయి, నిజమే. అయినా టీవీ డబ్బు పారే పెద్ద కాలేజీల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకి నా ఓటు దీనికే. వాటా మొత్తం ఎంతన్నది తర్వాత కూర్చుని బేరమాడుకోవచ్చు; ముందు మోకాలు ఎవరి పూచీయో తేలాలి. డివిజన్-1, అంటే పై అంచె కాలేజీలు, ఆటగాడు ఆట మానేశాక కూడా రెండేళ్ల పాటు పాత దెబ్బలకి వైద్యం చూడాలని 2024 ఆగస్టులో రూలు అమల్లోకొచ్చింది. మోకాలు మాత్రం నలభై దాటాక అడుగుతుంది.

మిగతా ఆటల పిల్లలకి ఈ లెక్కలేవీ పనికిరావు. డల్లాస్‌లో మా పిన్ని కూతురు టెన్నిస్ ఆడుతుంది, ఇప్పుడు కాలేజీల వెతుకులాటలో ఉంది. "డబ్బులెంతిస్తారట్రా?" అని పిన్ని ఫోన్ చేసింది. టెన్నిస్‌కి పెద్దగా ఏమీ రావు పిన్నీ, స్కాలర్‌షిప్ నాలుగేళ్లకీ రాసిస్తారా, ఏడాదికేనా, ఆపరేషన్ అవసరమైతే బిల్లెవరిది, ఈ రెండూ కోచ్‌ని కాగితం మీద అడగమన్నాను. "అలా అడిగితే ఏమనుకుంటారో" అంది పిన్ని.