"కిలోకి 460 క్యాలరీలే" అనే బోర్డు చూసి లడ్డూలు కొనబాకండి

తిరుపతిలో డైట్ స్వీట్లు కొనేవాళ్ళ కోసం రాస్తా ఉండా, నా మాదిరి మీరూ డబ్బులు పోగొట్టుకోబాకండి. ఒక అంగట్లో (పేరు రాయను, ఎందుకొచ్చిన గొడవ) రాగి లడ్డు అమ్ముతా ఉండారు, నెయ్యి బెల్లం జీడిపప్పు అన్నీ దండిగా వేసి, పైన బోర్డు మాత్రం "కిలోకి 460 క్యాలరీలు మాత్రమే" అని. కిలో 640 రూపాయలు, 28 లడ్డూలు తూగినాయి, అంటే లడ్డుకి 16 క్యాలరీలే కదా అని నేనే లెక్కేసుకుని పొంగిపోయినా. సాయంత్రం యూనివర్సిటీ గ్రౌండ్‌లో వాకింగ్ చేసొచ్చేది, టీతో రెండు లడ్డూలు లాగించేది, నెలంతా ఇదే పని, రెండు కిలోలు అయిపోయినాయి.

మొన్న మా అన్న కూతురు వచ్చింది, ఇంటర్ చదువుతాది. డబ్బాకి అంటించిన చార్ట్ చూసి ఒకటే నవ్వు. ఆడ ఉండేది 100 గ్రాములకి 460 కేసీఏఎల్ (kcal). ఆ మొదటి అక్షరం కిలోక్యాలరీ అని చెప్పేదానికంట, తూకం కిలో కాదంట! ఒక గ్రాము నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కేదానికి పట్టే శక్తి క్యాలరీ, కిలో నీళ్ళకైతే కిలోక్యాలరీ. తిండి దగ్గర మనం నోటితో క్యాలరీ అనేది ఈ పెద్దదాన్నే, ముందరుండే కిలోని మింగేస్తాం, అంగడాయన ఆ మింగిన కిలోని తీసి తక్కెట్లో పెట్టినాడు.

ఆ పిల్లే పేపర్ మీద వేసి చూపించింది. చార్ట్ ప్రకారం 100 గ్రాముల్లో కార్బ్స్ (పిండి పదార్థాలు) 62 గ్రాములు, ప్రోటీన్ 8, ఇవి గ్రాముకి 4 చొప్పున 280, కొవ్వు 20 గ్రాములు గ్రాముకి 9 చొప్పున 180, మొత్తం సరిగ్గా 460. అంటే చార్ట్ కరెక్టే, బోర్డే తప్పు. 35 గ్రాముల లడ్డుకి 161. రెండు తింటే 322, నేనేమో 32 అనుకుంటా ఉన్నా. ఒక్క లడ్డులో ఉండే శక్తితో 10 లీటర్ల బక్కెట్ నీళ్ళు 16 డిగ్రీలు వేడెక్కుతాయంట, ఇంక నా పొట్ట ఎందుకు తగ్గుతాది చెప్పండి.

అంగడికి పోయి అడిగితే "కిలో అంటే కిలోనే కదా సార్, ల్యాబ్ వాళ్ళే రాసిచ్చినారు" అంటాడు. తెలిసే చేస్తా ఉండాడో తెలీక చేస్తా ఉండాడో ఆ ఏడుకొండలాయనకే తెలియాల. కిలో టమోటాల్లోనే దాదాపు 200 క్యాలరీలు ఉంటాయి కదయ్యా, నెయ్యి కారే లడ్డుకి కిలోకి 460 ఎట్లయితాదని అడిగినా, దానికి మాత్రం జవాబు లేదు, పక్కనోళ్ళకి తూకం వేసేదాంట్లో పడినాడు. చెక్కెర వెయ్యలేదు బెల్లమే అని ఇంకో గొప్ప, క్యాలరీల్లో ఆ రెండిటికీ పెద్ద తేడా ఏం లేదు.

డబ్బులు వెనక్కి ఇయ్యలేదు. బోర్డు నిన్న సాయంత్రం కూడా అట్లే ఉండాది, ఫోటో తీసుకున్నా, ఫుడ్ సేఫ్టీ వాళ్ళకి పంపిస్తా. మీరు ఏ అంగట్లో కొన్నా బోర్డు వదిలేసి చార్ట్ అడగండి, దాంట్లో 100 గ్రాములకా, ఒక పీసుకా అనేది చూసి, ఒక లడ్డు కాటాలో పెట్టించి తూకం చూసుకోండి.