పోకర్ ప్రేమ నవలకి "తెలుగు అనువాదం" అని అమ్ముతున్నారు, కొనకండి

ఇద్దరు అమ్మాయిల ప్రేమకథ, పోకర్ అనే పేకాట నేపథ్యం, "తొలిసారి తెలుగులో" అని ఒక పేజీ వాళ్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్న నవల గురించి ఇది. 449 రూపాయలు పెట్టి కొన్నాను. ఇంకెవరూ మోసపోకూడదని రాస్తున్నాను. ఇంగ్లీషు నవల పేరు, రచయిత్రి పేరు కావాలనే రాయడం లేదు. ఆవిడ తప్పేమీ లేదు, ఆవిడ కష్టాన్నే వీళ్లు దొంగిలించారు.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఆ నవల ఇంగ్లీషులో రెండేళ్ల కిందటే చదివాను. లాస్ వేగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ పోటీల్లో పదివేల డాలర్లు కట్టి కూర్చునే పెద్ద టోర్నమెంటు, ఒకే టేబుల్ దగ్గర ఎదురెదురుగా ఇద్దరు ఆడవాళ్లు. కల్పనే అయినా గాలిలోంచి పుట్టింది కాదు. 1995లో బార్బరా ఎన్‌రైట్ ఆ టోర్నమెంటులో చివరిదాకా మిగిలినవాళ్లు ఆడే ఫైనల్ టేబుల్‌కి చేరిన తొలి మహిళ. వెనెస్సా సెల్బ్‌స్ట్ ఆ సిరీస్‌లోనే 2008, 2012, 2014లో మూడు బ్రేస్‌లెట్లు (అక్కడ పోటీ గెలిచినవాళ్లకి ఇచ్చే బహుమతి) గెలిచింది, తను ప్రేమించేది అమ్మాయిల్నేనని దాచుకోకుండా బతికింది. ఇవన్నీ తెలిశాక ఆ కథ నాకు మరీ దగ్గరైంది.

నా మనిషి నరసాపురంలో లేసు వ్యాపారం చేసే వాళ్ల దగ్గర లెక్కలు చూస్తుంది. ఇంగ్లీషు నవల తనకి కష్టం. తెలుగైతే రాత్రంతా మేలుకొని చదివేస్తుంది. తన పుట్టినరోజుకి ఈ పుస్తకం ఇవ్వాలని ఎన్నాళ్లుగానో ఉంది. అందుకే తెలుగులో వచ్చిందనగానే ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. పేజీలో పెట్టిన నమూనా పేజీలు చదివితే బాగానే ఉన్నాయి. తర్వాత తెలిసింది, బాగున్నవి ఆ ఇరవై పేజీలే. మిగతాదంతా మెషీన్‌లో వేసి తీసినది. మనిషి చెయ్యి పడలేదు.

పుస్తకం తన చేతికి ఇచ్చాక ముందు తనే ఫోన్ చేసింది. "ఏమే, ఈ చిన్న గుడ్డివాడు, పెద్ద గుడ్డివాడు ఎవరే? కథలోకి ఎప్పుడొచ్చారు?" అంది. స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్ అనేవి ముక్కలు పంచకముందే ఇద్దరు ఆటగాళ్లు తప్పనిసరిగా కట్టాల్సిన పందేలు. సంక్రాంతికి మేనమామల ఇంట్లో మూడు ముక్కలాట చూస్తూ పెరిగిన పిల్ల, బ్లైండ్ అన్న మాట తనకి కొత్త కాదు. బ్లైండ్ అని అలాగే ఉంచేస్తే సరిపోయేది. ఆట వదులుకుందని (ఫోల్డ్) చెప్పాల్సిన చోట "ఆమె ముడుచుకుంది" అని ఉంది. బ్రేస్‌లెట్ గెలిచిన చోట "గాజు గెలుచుకుంది". పోకర్‌లో టేబుల్ మీద ముందు మూడు ముక్కలు తెరుస్తారు, అది ఫ్లాప్. నాలుగోది టర్న్, ఐదోది రివర్. కథ మొత్తానికి ఊపిరి బిగబట్టే చోట ఆ ఐదో ముక్కగా ఆటీను రాణి పడుతుంది. ఈ పుస్తకంలో అది "నది మీద హృదయాల రాణి దొరికింది" అయింది. గోదారి ఒడ్డున పుట్టిన మనిషికి నది అంటే ఏం గుర్తొస్తుంది? వీళ్లు పడవెప్పుడు ఎక్కారా అని తను రెండు పేజీలు వెనక్కి తిప్పి వెతుక్కుంది.

ఆట మాటలు పోతే పోయాయి అనుకోవచ్చు. అసలు దెబ్బ వేరే. "ఇద్దరూ ఆడవాళ్లేనన్నావు కదే, మరి ఈ అన్నాడు, చూశాడు ఎవరు?" అని అడిగింది. 112వ పేజీ ఫొటో తీసి పంపింది. ఇద్దరూ మొదటిసారి ముద్దు పెట్టుకునే చోటు అది. అందులో ఒకమ్మాయికి మగవాళ్లకీ ఆడవాళ్లకీ చెల్లే పొట్టి పేరు. ఇంగ్లీషులో పేరు పక్కన క్రియ ఆడా మగా చెప్పదు. తెలుగులో చెప్పక తప్పదు, అన్నాడో అందో తేల్చాల్సిందే. పేరు వచ్చిన ప్రతిచోటా, "ఆటగాడు" అన్న ప్రతిచోటా మెషీన్ మగవాడిని చేసేసింది. ఆ ఒక్క పేజీలో నాలుగు చోట్ల ఆ అమ్మాయి "నవ్వాడు", "దగ్గరికి వచ్చాడు". మా ఇద్దరి లాంటి వాళ్ల కథ తెలుగులో చదవడం మాకు ఎన్నిసార్లు దొరుకుతుంది? దొరికిందనుకున్న ఒక్కదాంట్లో కూడా మమ్మల్ని ఒక మగ, ఒక ఆడ చేసి పెట్టారు. ఆ రాత్రి తను ఇంకేం మాట్లాడలేదు. కానుక ఇచ్చిన నాకు ఏడుపొచ్చింది.

ఇంకోటి. 161 నుంచి 176 దాకా పేజీలు రెండుసార్లు కుట్టారు, 177 నుంచి 192 దాకా లేనే లేవు. ఫైనల్ టేబుల్ అంతా ఆ పదహారు పేజీల్లోనే ఉంది. మధ్యలో ఒక రంగు కాగితం కూడా పెట్టారు, డబ్బులతో ఆడే పోకర్ యాప్‌కి క్యూఆర్ కోడ్. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందెం ఆటలు 2020 నుంచే నిషేధం, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. దాన్ని స్కాన్ చేయొద్దు, చింపి పారేయండి.

డబ్బు వెనక్కి ఇవ్వమని మెసేజ్ పెట్టాను. మర్నాడు వచ్చిన జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఇలాంటి బుక్ కొని మళ్లీ గొడవా మేడం? మీ ఇంటి అడ్రస్ మా దగ్గరే ఉంది." తర్వాత బ్లాక్ చేశారు. పార్సిల్ మీద కూడా "లెస్బియన్ రొమాన్స్, తెలుగు" అని పెద్ద అక్షరాల్లో ప్రింటు చేసి పంపారు. నేను స్కూల్లో ఉన్నప్పుడు మా బాబాయి తీసుకున్నాడు. "ఏంటమ్మా ఇది" అని మాత్రం అడిగి ఊరుకున్నాడు. అందరిళ్లలో అలా ఊరుకోరు.

రెండు రోజులు భయంతో అన్నం సయించలేదు. తర్వాత అర్థమైంది, వీళ్ల వ్యాపారమంతా ఆ భయం మీదే నడుస్తోంది. ఇలాంటి పుస్తకం కొన్నవాళ్లు నోరెత్తరని వాళ్ల ధీమా. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పిచ్చాక మన ప్రేమే నేరం కాదు, ఇక పుస్తకం కొనడం ఎందుకు నేరమవుతుంది? నేరం వాళ్లది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అనువాదం చేయించుకునే హక్కు రచయితది. అడగకుండా అచ్చేసి అమ్మడం దొంగతనం.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. పాడైన పుస్తకం పంపారు, డబ్బు ఇవ్వనంటున్నారు అంటే చాలింది, ఏం పుస్తకమని ఎవరూ అడగలేదు. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఇక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, అమ్మినవాడి ఊరికి పోనక్కర్లేదు. ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు.

అనువాదమని ఎవరు అమ్మినా అనువాదకుల పేరు అడగండి. పేరు చెప్పలేకపోతే అక్కడే ఆపేయండి. కాపీరైట్ పేజీ ఫొటో పంపమనండి. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌లో 978తోనో 979తోనో మొదలై పదమూడు అంకెలుండాలి. నాకొచ్చిన పుస్తకం వెనక బార్‌కోడ్ కింద పదకొండే ఉన్నాయి, అట్ట మెరుస్తుంటే నేనే లెక్కపెట్టుకోలేదు. మొదటి పేజీలు చాలవు, మధ్యలో మీరు అడిగిన పేజీ చూపించమనండి. ఇంట్లో ఇబ్బందనుకునే వాళ్లు ఇంటి అడ్రస్ మాత్రం ఇవ్వకండి.

ఇప్పటికే కొన్నవాళ్లుంటే 112, 161 పేజీలు తీసి చూడండి. అవే తప్పులుంటే 1915కి ఫోన్ చేయండి. డబ్బు కట్టిన రసీదు, వాళ్ల మెసేజ్‌లు చెరిపేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి. నేను దాచాను.