సురభి నాటకాల కోసం రెండు రాత్రులు

రాజమండ్రిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్ నాంపల్లి స్టేషన్. ఎప్పుడూ పెళ్లిళ్లకో ఆస్పత్రి పనులకో వెళ్లే ఊరు. ఈసారి రవీంద్రభారతి హాల్లో సురభి నాటక సమాజం వాళ్లు వరుసగా నాటకాలు ఆడుతున్నారని తెలిసి అమ్మను తీసుకెళ్లాను. అమ్మకి డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. తన చిన్నతనంలో సురభి వాళ్లు మా ఊళ్లో రేకుల హాలు కట్టుకుని నెలల తరబడి ఆడేవారట. నేల టికెట్టు, ఇంటి నుంచి పట్టుకెళ్లిన చాప, పొట్లంలో వేరుశనక్కాయలు. ఆ మాట రాని సంక్రాంతి లేదు మా ఇంట్లో.

స్టేషన్‌కి దగ్గరని నాంపల్లిలోనే ఒక లాడ్జిలో దిగాం. అక్కడే దెబ్బతిన్నాం. లిఫ్ట్ ఉందని ఫోన్లో చెప్పారు, తీరా చూస్తే పని చేయడం లేదు. మూడో అంతస్తుకి అమ్మ ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. మర్నాడే లక్డీకాపూల్ వైపు మారిపోయాం. అద్దె కాస్త ఎక్కువే. కానీ వేన్నీళ్లు, పని చేసే లిఫ్టు, రాత్రి పదింటికి వెళ్లినా వేడిగా ఇడ్లీ. నాటకం చూసి ఆకలితో వచ్చేవాళ్లకి ఆ ఇడ్లీ ముఖ్యం. పెద్దవాళ్లతో వెళ్లేవారు హాలుకి దగ్గర్లోనే దిగండి. మెట్రోలో వచ్చేవారికి అసెంబ్లీ స్టేషన్ నుంచి కొద్దిపాటి నడకే.

మొదటి రాత్రి మాయాబజార్. అమ్మ పట్టుబట్టి ముందు వరసలో కూర్చుంది. తెర లేచిన దగ్గర్నుంచి కదల్లేదు. మేఘాల్లోంచి నారదుడు దిగుతాడు, రెండు బాణాలు గాలిలో ఢీకొని నిప్పురవ్వలు రాలతాయి. ఇవన్నీ కెమెరా లేకుండా, తీగలతో, తెరలతో, మనుషుల చేతులతో జరుగుతాయి. అంత దగ్గరగా కూర్చుంటే తీగ కనిపిస్తుంది. నాకైతే కనిపించడమే బాగుంది. పక్కన ఎవరో సరిగ్గా ఆ క్షణానికి లాగకపోతే నారదుడు ఆకాశంలోనే ఉండిపోతాడు కదా.

ఈ చేతి నేర్పు ఎక్కడిదో తెలిస్తే ఇంకా ఇష్టం కలుగుతుంది. వనారస కుటుంబం వారు తోలుబొమ్మలాట ఆడేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధతో నాటకాలు మొదలుపెట్టారు. బొమ్మల బదులు మనుషులు తెర ముందుకొచ్చారు. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో ఈ కుటుంబాల ఆడవాళ్లు రంగస్థలం ఎక్కారు. ఆ ధైర్యానికి మనం ఇప్పటికీ సరైన గౌరవం ఇవ్వలేదని నా బాధ. వెంకటేశ్వర నాట్యమండలి నడిపిన సురభి బాబ్జీగారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. సురభి సమాజం మొత్తానికి వచ్చినంత సంతోషించాను.

రెండో రాత్రి పాతాళభైరవి, మధ్య వరసలో చూశాం. తీగ కనపడలేదు, మాయ మాయలాగే ఉంది. మాంత్రికుడి గుహలో పొగ లేవగానే మా వెనక కూర్చున్న పిల్లాడు వాళ్ల నాన్న ఒళ్లోకి దూకేశాడు. పిల్లలతో వెళ్తే మధ్య వరసే మంచిది. దృశ్యానికీ దృశ్యానికీ మధ్య తెర మార్చడానికి క్షణాలే పడుతుంది, హార్మోనియం ఆగదు. పద్యం సాగదీసిన చోట ఒకరిద్దరు కుర్రాళ్లు ఫోన్లు తీశారు. నిజమే, ఇప్పటివాళ్లకి అక్కడ కొంచెం నిదానం అనిపిస్తుంది. అమ్మ మాత్రం ఆ పద్యాలకే తల ఊపుతూ కూర్చుంది.

చివర్లో అందరూ వరసగా నిలబడి దండం పెట్టారు. ముసలివాళ్ల నుంచి బడికెళ్లే పిల్లల దాకా, చూస్తే ఒకే ఇంటివాళ్లలా ఉన్నారు. ముందురోజు వేషం కట్టిన ఒకాయన ఈ రోజు పక్కన తాడు పట్టుకుని ఉన్నాడు. రెండు రోజులు వెళ్లకపోతే ఇది తెలిసేది కాదు. ఒక్క నాటకమే చూసి వచ్చేయాలనుకునేవారు రెండోదానికి కూడా టికెట్టు తీసుకోండి. మా ఇద్దరికీ అయిన ఖర్చులో నాటకం టికెట్లదే అన్నిటికన్నా చిన్న వాటా.

మూడో రోజు భక్త ప్రహ్లాద, అది చూడలేకపోయాం. సాయంత్రం బండికి రిజర్వేషన్ ముందే చేయించేశాను, అది నా తొందరపాటు. రేకుల హాల్లో తను చూసిన స్తంభం చీలే సీను గురించి అమ్మ కాజీపేట దాటేదాకా చెబుతూనే ఉంది.