చెవి ఎముకల స్కానింగ్: విజయనగరంలోని ఒక సెంటరు తీరు

విజయనగరం కోట సమీపంలోని ఒక స్కానింగ్ సెంటరులో మా మేనత్తగారికి చెవి ఎముకల సీటీ, తరువాత ఎంఆర్‌ఐ తీయించాము. మిషన్ల విషయంలోనూ, లోపల పనిచేసే సిబ్బంది విషయంలోనూ వంక పెట్టడానికి లేదు గాని, కౌంటరు తీరు మాత్రం బాగాలేదు.

ఆమెకు చాలా ఏళ్ల క్రితం చెవి వెనుక ఎముకకు ఆపరేషన్ అయింది; ఈ మధ్య ఆ చెవి నుంచి మళ్లీ దుర్వాసనతో చీము కారసాగింది. ఈఎన్‌టీ డాక్టరు చీటీలో ‘హెచ్‌ఆర్‌సీటీ టెంపోరల్ బోన్’ (పలుచని పొరలుగా తీసే చెవి ఎముక సీటీ) అని స్పష్టంగా రాసినప్పటికీ, కౌంటరులోని వ్యక్తి ‘బ్రెయిన్ సీటీ తీస్తే చెవి కూడా పడిపోద్ది బాబూ’ అంటూ దానికే బిల్లు వేయబోయాడు. పడుతుంది, నిజమే. అయితే తలకు తీసే మామూలు సీటీ ఫిల్ముల్లో ఒక్కో పొర సాధారణంగా 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. చెవిలోని అతి చిన్న ఎముక స్టేపిస్ ఎత్తే సుమారు 3 మిల్లీమీటర్లు. అందుకే చెవికి 0.6 మిల్లీమీటర్లు, లేదా అంతకన్నా పలుచని పొరలు కావాలి. టెక్నీషియన్ చీటీ చూసి వెంటనే సరిదిద్దాడు.

సీటీ రిపోర్టు చక్కగా ఉంది. చెవిలోని చిన్న ఎముకలు ఎంతవరకు అరిగిపోయాయో, మెదడుకూ చెవికీ మధ్యనున్న పలుచని ఎముక నిలిచి ఉందో లేదో, ముఖ నరం వెళ్లే దారికి పైకప్పు ఉందో లేదో విడివిడిగా రాశారు. సర్జనుకు కావలసినవి ఇవే. కాని లోపల నిండినది చీమా, కండా, తిరిగి పెరిగిన కొలెస్టియటోమానా (చెవి లోపల చర్మం పేరుకుని ఎముకను తినేసే గడ్డ) అన్నది సీటీ తేల్చలేదు; అన్నీ ఒకే బూడిదరంగులో కనిపిస్తాయి. దానికి ఎంఆర్‌ఐలో నాన్ ఈపీఐ డిఫ్యూజన్ అనే పద్ధతి ఉంది, అందులో కొలెస్టియటోమా తెల్లగా మెరుస్తుంది. 2, 3 మిల్లీమీటర్ల కన్నా చిన్నదైతే అదీ తప్పిపోవచ్చు. మామూలు డిఫ్యూజనులో గాలీ ఎముకా కలిసేచోట బొమ్మ వంకర్లు పోతుంది కనుక, ఏ పద్ధతిలో తీస్తారో డబ్బు కట్టకముందే అడగడం మంచిది. ఈ సెంటరులో ఆ రెండు పద్ధతులూ ఉన్నాయి. వినికిడి నరం మీద గడ్డ అనుమానమైతే ఎంఆర్‌ఐ, ఓటోస్క్లెరోసిస్ (స్టేపిస్ ఎముక బిగుసుకుపోయి వినికిడి తగ్గే జబ్బు) అయితే సీటీ ముందుగా తీయించవలసినవి.

ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్లే ముందు నగలన్నీ తీయమన్నప్పుడు మా మేనత్తగారు పుస్తెలు తీయడానికి ససేమిరా అన్నారు. అక్కడి నర్సమ్మ సొరుగులోంచి తాడు కట్టి సిద్ధంగా ఉంచిన పసుపు కొమ్ము తీసి మెడలో వేసింది. యంత్రం మోత భరించడానికి ఇయర్‌ప్లగ్గులూ ఇచ్చింది, అయితే చీము కారే చెవిలో పెట్టకుండా దానిపై హెడ్‌ఫోను మాత్రమే అమర్చింది. పేస్‌మేకరు, కాక్లియర్ ఇంప్లాంటు (వినికిడి కోసం చెవి లోపల అమర్చే పరికరం) ఉన్నాయా అని రెండుసార్లు అడిగింది.

ఇక సీడీ. కౌంటరులో ఫిల్ములు మాత్రమే చేతికిస్తారు. ఆపరేషన్ చేసే డాక్టరు పొరపొరా తిప్పి చూడాలంటే ఫిల్ము చాలదు, కాబట్టి సీడీ అడిగి తీసుకుని, అది తెరుచుకుంటోందో లేదో అక్కడి కంప్యూటరులోనే చూపించమనండి.