‘ది సోషల్ డైలమా’ బడిలో చూపించాలంటే: ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు టీచర్ల కోసం ఒక రివ్యూ

సోషల్ మీడియా మనల్ని ఫోనుకి ఎలా కట్టిపడేస్తుందో చెబుతూ జెఫ్ ఓర్లోవ్‌స్కీ తీసిన ఈ డాక్యుమెంటరీ 2020 సెప్టెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. నిడివి 94 నిమిషాలు. ఫోను వాడకం మీద పిల్లలకు ఏదైనా చూపిద్దామంటే ముందు దీని పేరే వినిపిస్తుంది. 9, 10 తరగతుల వాళ్లకి నిక్షేపంగా చూపించవచ్చు. అంతకంటే చిన్నవాళ్లకి వద్దు. చూపించి, ‘విన్నారుగా, ఇక ఫోను తగ్గించండి’ అని ఇంటికి పంపేస్తే మాత్రం ఒక పూట దండగ. పిల్లలు ఈ సినిమానే నిలదీయగలిగితే అప్పుడు అది పాఠం.

సినిమాలో బలం ఉంది. గూగుల్‌లో పనిచేసి బయటికొచ్చిన ట్రిస్టన్ హ్యారిస్, ఫేస్‌బుక్ లైక్ బటన్ తయారుచేసినవాళ్లలో ఒకరైన జస్టిన్ రోజెన్‌స్టీన్, ఎంత జరిపినా అడుగు తగలని స్క్రోల్‌ని కనిపెట్టిన ఏజా రాస్కిన్ లాంటివాళ్లు తాము చేసిన పని గురించి తామే చెబుతారు. మధ్యమధ్యలో బెన్ అనే కుర్రాడి ఇంటి కథ నటులతో నడుస్తుంది. చిక్కంతా అక్కడే. బెన్ ఫోను వెనక ఒక గదిలో ముగ్గురు మనుషులు నిలబడి, వాడిని ఎలా లాగాలా అని మాట్లాడుకుంటూ ఉంటారు. ముగ్గురి వేషమూ ఒకే నటుడు, విన్సెంట్ కార్థైజర్ వేశాడు. ఆ ముగ్గురూ కంప్యూటర్ లెక్కలకి (అల్గారిథంకి) తొడిగిన మనిషి వేషాలని ముందుగా చెప్పకపోతే, నిజంగానే ఎవరో మనుషులు కూర్చుని తమ ఫోను చూస్తున్నారని పిల్లలు భయపడతారు. కిరాణా కొట్టుతో పోల్చి చెప్పండి: ఎవరు ఏది ఎక్కువ అడుగుతున్నారో చిట్టాలో చూసుకుని, ఆ సరుకు చేతికి అందేలా ముందు పెట్టే కొట్టు. ఇక్కడ చిట్టా రాసేది, సరుకు సర్దేది లెక్కలే. మనిషికి మనిషికి వేరే బీరువా సర్దగలగడం ఒక్కటే కొట్టుకీ దానికీ తేడా.

ఏర్పాట్ల సంగతి. నెట్‌ఫ్లిక్స్ కొన్ని డాక్యుమెంటరీలను మాత్రమే బడుల్లో వేసుకోనిస్తుంది. ఇది వాటిలో ఉంది. ఖాతా ఉన్నవాళ్లే ఆడించాలి, డబ్బు వసూలు చేయకూడదు, ఒకే వారంలో పదేపదే వేయకూడదు. అందుకని నాలుగు పీరియడ్లకు ముక్కలు చేసే బదులు శనివారం ఒక్క పూట పెట్టుకోండి. మొదట 15 నిమిషాల పరిచయం, సినిమాని మూడుసార్లు ఆపి ప్రతిసారీ 15 నిమిషాల చర్చ, చివర 20 నిమిషాల రాత. విరామంతో కలిపి మూడు గంటల పైచిలుకు పడుతుంది. 30 మందికి మించితే చర్చ నలుగురి చేతుల్లోకే వెళ్లిపోతుంది. ముందురోజు అదే గదిలో, అదే తెర మీద పది నిమిషాలు ఆడించి చూసుకోండి. సబ్‌టైటిల్స్ వెనక బెంచీకి కనబడకపోతే అక్కడివాళ్లకు సినిమా లేనట్టే.

మన సరిహద్దు బడుల్లో భాష సంగతి పక్కనపెట్టడానికి లేదు. ఇంట్లో తెలుగు, పుస్తకంలో ఒడియా, తెర మీద గబగబా మాట్లాడే ఇంగ్లిష్. అల్గారిథం, నోటిఫికేషన్, డేటా, ప్రకటనదారు లాంటి ఏడెనిమిది మాటలు బోర్డు మీద రాసి ముందే విప్పి చెప్పండి. ‘డైలమా’కి ధర్మసంకటం అంటే చాలు, చప్పున అందుకుంటారు. జవాబులు ఇంటి తెలుగులో రాసినా ఒడియాలో రాసినా తీసుకోండి. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పట్టుబట్టింది పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే. ఆ ఊళ్లో పిల్లల ఆలోచనకి భాష అడ్డం రాకూడదు.

సినిమాకి వారం ముందు ఒక పని అప్పగించాలి. రోజుకి ఎంతసేపు ఫోను చూస్తున్నారో ముందు ఊహించి కాగితం మీద రాయాలి. తర్వాతే ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి అసలు లెక్క చూడాలి: నిమిషాలు, ఎన్నిసార్లు అన్‌లాక్ చేశారు, ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయి. ఊహకీ లెక్కకీ ఉన్న తేడాయే మనకి కావలసింది. సొంత ఫోను లేనివాళ్లు ఇంటి ఫోను తాము పట్టుకున్న వేళలు రాసుకుంటే సరిపోతుంది. ఈ అంకెలు తరగతిలో చదివించకండి. చదివిస్తే తక్కువ చూసేవాడు బుద్ధిమంతుడైపోతాడు, ఎక్కువ చూసేవాడు మర్నాటి నుంచి అబద్ధం రాస్తాడు.

చూస్తున్నంతసేపూ చేతిలో మూడు గళ్ల కాగితం ఉండాలి: ‘చెప్పింది’, ‘నటించి చూపించింది’, ‘రుజువు చూపించింది’. మొదటిసారి ఆపేసరికి మొదటి రెండు గళ్లు నిండిపోయి మూడోది బోసిగా ఉంటుంది. ఎందుకలా అని అడగండి. తర్వాత ఒక నిమిషం దృశ్యాన్ని శబ్దం తీసేసి మళ్లీ వేయండి. గుండెదడ పుట్టించింది మాటలా, వెనక సంగీతమా అన్నది పిల్లలే తేల్చుకుంటారు.

అన్నింటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసిన చోటు సామాజిక మనస్తత్వవేత్త జోనథన్ హైట్ చూపించే గ్రాఫు. తమను తాము గాయపరచుకుని ఆసుపత్రిలో చేరిన అమెరికా ఆడపిల్లల సంఖ్య టీనేజీలో పెద్దవాళ్లలో (15–19 ఏళ్లు) 62 శాతం, వాళ్లకంటే చిన్నవాళ్లలో (10–14 ఏళ్లు) 189 శాతం పెరిగిందంటాడు. ఈ భాగం వస్తుందని ముందే చెప్పండి. వద్దనుకున్నవాళ్లని బయట కూర్చోనివ్వండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సహాయం టెలీ మానస్ నంబరు 14416 బోర్డు మీద ఉంచండి. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఆ తర్వాత లెక్క. లక్షకు 10 ఉన్నది 29 అయితే 190 శాతం పెరిగినట్టు. లక్షకు 200 ఉన్నది 324 అయితే 62 శాతమే. ఇవి బోర్డు మీద వేసుకోవడానికి అనుకున్న అంకెలు. రెండింటిలో పిల్లల సంఖ్య ఎక్కడ ఎక్కువ పెరిగిందో లెక్కగట్టించండి. శాతం ఒక్కటే చూపిస్తే ఏం దాగిపోతుందో అప్పుడు కనబడుతుంది. చిన్నవాళ్లలో మొదటి సంఖ్యే తక్కువన్న సంగతి, ఆత్మహత్యల అంకెలు చెప్పేటప్పుడు, హైట్ కూడా ఒక ముక్కలో అంటాడు. ఆ ముక్క ఎంతమంది విన్నారో అడగండి.

దీనికి ఎదురుగా పెట్టడానికి ఒక పరిశోధన ఉంది. 2019లో ఎమీ ఆర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ అనే పరిశోధకులు మూడు పెద్ద సర్వేల్లోని 3,55,358 మంది కౌమారుల సమాచారం పరిశీలించారు. పిల్లల మానసిక క్షేమంలో ఒకరికీ ఇంకొకరికీ ఉండే తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడింది ఎక్కువలో ఎక్కువ 0.4 శాతమని తేల్చారు. ఇక్కడ పిల్లలే కాదు, టీచర్లూ పొరపడతారు: నూటికి 0.4 మంది పిల్లలకే నష్టం అని అర్థం కాదు. సగటు చిన్నదైనా ఒక్కో పిల్లకి దెబ్బ పెద్దదే కావచ్చు. హైట్ తప్పు, వీళ్లు ఒప్పు అని తీర్పు చెప్పకండి. వాదన ఇంకా నడుస్తోంది. రెండు పక్షాలూ ఏ ప్రశ్నకి జవాబిస్తున్నాయో విడదీయడమే పిల్లల పని.

బెన్ వాళ్లమ్మ భోజనాల వేళ ఫోన్లన్నీ డబ్బాలో పెట్టి తాళం వేస్తే, చిన్నకూతురు దాన్ని పగలగొట్టే దృశ్యం ఉంది. అక్కడ కచ్చితంగా ఆపండి. ‘మరి మా నాన్న అన్నం తింటూ రీల్స్ చూస్తాడు కదా?’ అనే ప్రశ్న ఏదో ఒక మూలనుంచి వస్తుంది. నోరు మూయించకండి, ఆ పూటకి అదే మంచి ప్రశ్న.

సినిమాలో లేనివాళ్ల జాబితా కూడా రాయించండి. బెన్ నటుడు. నిజంగా ఫోను వాడే పిల్లల మాట దాదాపు వినబడదు. ఫోను మీద బతుకు వెళ్లదీసుకునే చిన్న వ్యాపారి లేడు. ఫేస్‌బుక్ 2020 అక్టోబర్‌లో ఈ సినిమాకి జవాబు రాసింది. దాన్నీ ముందు పెట్టి, రాసినవాళ్లకి ఇందులో లాభమేమిటని అదే ప్రశ్న వేయాలి.

సినిమా అయిపోగానే ప్రొజెక్టర్ కట్టేయకండి. ఆటోప్లే ఆపి ఉండకపోతే, పేర్లు పడుతుండగానే నెట్‌ఫ్లిక్స్ ఇంకోటి చూడమని తెర మీదికి తెస్తుంది. ‘ఇప్పుడు ఇదేం చేస్తోంది?’ అని అడిగి ఊరుకోండి. తమ పోటీ నిద్రతోనని ఆ కంపెనీ అప్పటి అధిపతి రీడ్ హేస్టింగ్స్ 2017లో అన్నమాట ఇక్కడ చెప్పవచ్చు. సినిమా చేసే అతిపెద్ద తప్పు, తనను మోసుకొచ్చిన వేదిక జోలికి దాదాపు వెళ్లకపోవడం.

చివరి రాతకి ‘మొబైల్ లాభనష్టాలు’ అని వ్యాసం ఇస్తే గైడులోది దించేస్తారు. ఒక్క వాదన ఎంచుకోమనండి. దానికి సినిమా చూపిన రుజువేమిటి, ఏ సమాచారం దొరికితే మీ అభిప్రాయం మారుతుంది, ఫోనులో ఏ ఒక్క సెట్టింగు ఏడు రోజులు మార్చి చూస్తారు, అన్న మూడింటికి అరపేజీ చాలు. ఏడు రోజుల తర్వాత నిమిషాలు తగ్గకపోయినా మార్కులు తీయకండి. ఎందుకు తగ్గలేదో రాసినవాళ్లకి ఎక్కువ వేయండి.