బెంగళూరులో పీఆర్‌పీ ప్యాకేజీ కొనేవారికి హెచ్చరిక: మోచేతి పరిశోధన చూపించి భుజానికి సూది వేశారు

భుజం నొప్పికి పీఆర్‌పీ (రోగి రక్తం నుంచే తీసిన, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే ప్లాస్మా) ఇంజెక్షన్లు వేయించుకోవాలనుకునే మన తెలుగువారు డబ్బు కట్టే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. మారతహళ్ళి వైపు ఉండేవారికి ఏ క్లినిక్ గురించి చెబుతున్నానో ఈపాటికి అర్థమై ఉంటుంది. అనంతపురం నుంచి వచ్చిన మా అమ్మకు కుడి భుజంలో రొటేటర్ కఫ్ (భుజం కీలు చుట్టూ ఉండే కండరాలు, వాటి స్నాయువులు) దెబ్బతిన్నదని చెప్పి, మూడు ఇంజెక్షన్లకూ ముందే సొమ్ము కట్టించుకున్నారు. మొదటి సూదితో నొప్పి తగ్గకపోవడం గురించి నేను ఫిర్యాదు చేయడం లేదు. ఏ వైద్యమైనా అందరికీ పనిచేయదు.

నా ఆగ్రహమంతా వాళ్ళు చూపించిన కాగితం గురించే. ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే పరిశోధన ఇదేనంటూ, 73 శాతం మందికి గుణం కనిపించిందన్న వాక్యం కింద గీత గీసి, అమ్మకు చదివి వినిపించారు. ఆ నకలును ఇంటికి తెచ్చి పూర్తిగా చదివితే, అది 2010లో నెదర్లాండ్స్‌లో పీర్‌బూమ్స్ బృందం 100 మందిపై చేసిన అధ్యయనమనీ, వారంతా టెన్నిస్ ఎల్బోతో, అంటే మోచేతి బయటివైపు వచ్చే నొప్పితో బాధపడినవారేననీ తెలిసింది. అందులో భుజం ఊసే లేదు. పైగా అక్కడ పీఆర్‌పీని పోల్చింది స్టెరాయిడ్‌తో. స్టెరాయిడ్ తీసుకున్న జట్టులో 49 శాతం మందికి మేలు జరిగింది. స్టెరాయిడ్ టెన్నిస్ ఎల్బోకు కొన్ని వారాలు ఊరటనిచ్చి, ఏడాది తిరిగేసరికి వెనకబడుతుందని అంతకుముందే తెలిసిన విషయం కనుక, దాన్ని మించినంత మాత్రాన పీఆర్‌పీ గొప్పదని తేలిపోదు.

మందు లేని ఉప్పునీటి సూదితో పీఆర్‌పీని పోల్చినప్పుడు ఏమైందో వాళ్ళు చెప్పనేలేదు. 2013లో టర్కీలో కెసిక్‌బురున్ బృందం రొటేటర్ కఫ్ నొప్పి ఉన్న 40 మందిని రెండు జట్లుగా చేసి, అందరిచేతా వ్యాయామం చేయించి చూస్తే, ఏడాది తరువాత పీఆర్‌పీకీ ఉప్పునీటికీ తేడా కనిపించలేదు. అదే ఏడాది డెన్మార్క్‌లో క్రోగ్ బృందం 60 మంది మోచేతి రోగులను మూడు నెలలు గమనించినా నొప్పి విషయంలో అదే ఫలితం వచ్చింది.

ఈ రెండింటినీ ముద్రించి తీసుకువెళ్ళాను. డాక్టరు వాటిని చూడకుండానే నా వైపు తోసి, "ఈ వయసులో నొప్పులు ఉండవా అమ్మా? మీ అబ్బాయికి ఇంటర్నెట్ చదువు ఎక్కువైంది," అని అమ్మతో అన్నారు. నా తరఫున అమ్మ ఆయనకు క్షమాపణ చెప్పింది. ఆ మాట ఆవిడ నోట వినడం నాకు ఇప్పటికీ భరించరానిదిగా ఉంది. మిగిలిన సొమ్ము తిరిగి ఇమ్మంటే, ఇవ్వడం కుదరదనీ, కావాలంటే ఆ రెండు సూదులూ మోకాళ్ళకు వేయించుకోవచ్చనీ కౌంటర్‌లో చెప్పారు. అమ్మకు మోకాలి నొప్పి ఉందో లేదో కూడా ఎవరూ అడగలేదు.

వెళ్ళక తప్పనివారు ఏ సూదికి ఆ సూదికే డబ్బు కట్టండి. చూపించే పరిశోధన ఏ కీలుపై, దేనితో పోల్చి చేశారో అడగండి. నేను వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు రాస్తున్నాను. ఇదే కాగితం చూపించి మీకూ భుజం ప్యాకేజీ అమ్మి ఉంటే, ఆ నకలునూ రసీదునూ పారేయకండి.