బెజవాడ ఉక్కలో గిటార్ తీగలు: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత నా లెక్క

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తా. నా అకూస్టిక్ గిటార్‌కి ఇప్పుడు వేస్తున్నది 11-52 గేజ్ (గేజ్ అంటే తీగ మందం, మొదటి తీగది 11, ఆరోదానిది 52), ఫాస్ఫర్ బ్రాంజ్ అనే లోహం చుట్టినది, పైన పూత ఉన్న రకం. మూడేళ్లుగా ఇదే. దీనికి ముందు ఆరేళ్లు దొరికిందల్లా వేసి చూశా, డబ్బులు తగలేశా, ఒకసారి గిటార్‌నే పోగొట్టుకునే దాకా తెచ్చుకున్నా.

గిటార్ కొన్నది 2016లో, కృష్ణా పుష్కరాలు అయిపోయిన కొత్తలో. పెద్ద పొట్ట ఉన్న డ్రెడ్‌నాట్, పై చెక్క లామినేట్, అంటే పొరలు అతికించింది, ఖరీదైనదేం కాదు. ఇంట్లో రోజూ ఓ అరగంట, ఆదివారం మా పటమట వైపు చర్చిలో క్వయర్‌తో రెండు గంటలు వాయిస్తా. ఆ రెండు గంటలే తీగల ప్రాణం తీసేవి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఫ్యాన్ కింద నిలబడ్డా సరే, మూడో పాట అయ్యేసరికి మోచేతి చెమట జారి బ్రిడ్జ్ పిన్నుల దగ్గర, అంటే పొట్ట మీద తీగలు బిగించే చోట, చేరుతుంది. తీగల గురించి చదివే సలహాలన్నీ చలి దేశాల వాళ్లు రాసినవి, వాళ్లకి ఈ బాధ తెలీదు.

మొదటి ఏడాది అసలు తీగలు మార్చాలనే తెలీదు. తెగితే మారుస్తారు అనుకునేవాణ్ణి. ఒకరోజు క్వయర్‌లో పెద్దాయన ఒకరు "ఏం తమ్ముడూ, గిటార్‌కి జలుబు చేసిందా?" అన్నారు. అప్పుడు తీగ కింద గోరు పెట్టి చూస్తే, సరిగ్గా ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) తగిలే ప్రతి చోటా చిన్న చిన్న గుంటలు, రంపం పళ్లలాగా. మొదటి తీగ మీద వేలు జరిపితే నల్లగా అంటుకుంది. తీగలు చచ్చిపోయాయో లేదో తెలుసుకోవడానికి ఇప్పటికీ నేను చూసేవి ఇవే. ఇంకోటి కూడా ఉంది, పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా వేలు ఆనించి తీసే స్వరం) కొట్టి, అదే చోట తీగ నొక్కి మళ్లీ కొడితే ట్యూనర్‌లో రెండూ ఒకటే రావాలి. కొత్తలో కలిసి, ఇప్పుడు కలవడం లేదంటే, గిటార్‌ని తిట్టే ముందు తీగలు మార్చి చూడండి.

సరే, మార్చాలని బీసెంట్ రోడ్డు దగ్గర ఒక షాపుకి వెళ్లా. షాపు పేరు ఎందుకులెండి. "గిటార్ తీగలు కావాలండీ" అన్నా, ఆయన ఒక సెట్ ఇచ్చాడు, "కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇవే మెత్తగా ఉంటాయి" అని కూడా అన్నాడు. మెత్తగానే ఉన్నాయి. కానీ స్ట్రమ్ చేస్తే, అంటే తీగలన్నీ కలిపి మీటితే, కింద ఉండే మూడు సన్న తీగలు వినిపిస్తాయి, పైన ఉండే లావువి ఎక్కడో పక్కింట్లో మోగుతున్నట్టు. నెలన్నర తర్వాత తెలిసింది, అవి ఎలక్ట్రిక్ గిటార్ తీగలు. వాటి మీద చుట్టిన తీగ నికెల్ పూత పూసిన ఉక్కు, పికప్ (తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) లోని అయస్కాంతం కోసం చేసినవి. చెక్క పొట్టని మోగించడం వాటి పని కాదు. గుర్తుపట్టడం చాలా తేలిక: మూడో తీగ, అంటే జి, చూడండి. అకూస్టిక్ సెట్లో మామూలుగా దానికి సన్నటి తీగ చుట్టి ఉంటుంది, ఎలక్ట్రిక్ 10-46 సెట్లో నున్నగా ఉంటుంది. చుట్టు ఉన్న తీగల రంగు కూడా చెబుతుంది, అకూస్టిక్‌వి రాగి, బంగారు ఛాయలో ఉంటాయి, ఎలక్ట్రిక్‌వి వెండి ఛాయలో. ఈ ఒక్క ముక్క ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే బావుండేది. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ ఉన్నవాళ్లు మాత్రం ఈ గోల మొత్తం వదిలేయండి, దాని మీద ఉక్కు తీగలు ఎక్కించొద్దు, ఆ చెక్క అంత లాగుడికి చేసింది కాదు.

తర్వాత రెండేళ్లు 12-53, 80/20 బ్రాంజ్. పేరుకి బ్రాంజ్ గానీ, 80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింక్, అంటే మన లెక్కలో అది ఇత్తడి. వేసిన రోజు ఆ శబ్దం ఉంటుంది చూడండి, గణగణమని, గది గది మొత్తం మోగుతుంది, మా ఆవిడ లోపల్నుంచి వచ్చి "కొత్త గిటార్ కొన్నావా?" అని అనుమానంగా చూసింది కూడా. రెండో వారానికి సగం పోతుంది. చింతపండుతో తోమని ఇత్తడి బిందె ఎలా అవుతుందో తెలుసుగా, అలాగే నల్లబడిపోతాయి. ఎండాకాలంలో నాకు మూడు వారాలు మించి ఏనాడూ రాలేదు, డిసెంబర్, జనవరిల్లో ఆరేడు వారాలు లాగేవి. రికార్డింగ్ రోజు వేసుకుని వాయించేవాళ్లకి ఇవి బావుంటాయి, నెలల తరబడి ఉంచుకునేవాళ్లకి వద్దు.

ఫాస్ఫర్ బ్రాంజ్ అంటే రాగిలో దాదాపు 8 పాళ్లు తగరం, కాస్త ఫాస్ఫరస్. ఇది అసలైన కంచు. 1974లో డాడారియో కంపెనీ వాళ్లు గిటార్ తీగల్లోకి తెచ్చారు. మొదటి రోజు 80/20 అంత మెరుపు ఉండదు, కొంచెం గుండ్రంగా, కింది స్వరాలు నిండుగా ఉంటాయి, పాడేవాళ్ల గొంతు మీద ఎక్కి కూర్చోదు. ముఖ్యంగా, రంగూ శబ్దమూ నిదానంగా తగ్గుతాయి. చర్చిలో పదిమంది పాడుతుంటే వెనక వాయించే నాకు ఇదే సరిపోయింది. ఒక్కడే కూర్చుని పిక్‌తో లీడ్ వాయించేవాడికి వేరే అభిప్రాయం ఉండొచ్చు, నేనేం కాదనను.

ఇక గేజ్. అసలు గొడవంతా ఇక్కడే. 12 అంటే మొదటి తీగ అంగుళంలో వెయ్యింట 12 వంతుల మందం, 0.3 మిల్లీమీటర్లు. చూడ్డానికి 10కీ 12కీ తేడా కంటికి ఆనదు, కానీ లాగుడు మందం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 10 సుమారు 16 పౌండ్లు లాగితే 12 సుమారు 23 పౌండ్లు లాగుతుంది, అంటే ఏడు కిలోల పైచిలుకు నుంచి పదిన్నర కిలోలకి. 12-53 సెట్ ఆరు తీగలూ కలిపితే 160 పౌండ్ల పైమాటే, దాదాపు ఒక ధాన్యం బస్తా బరువు. రాత్రీ పగలూ గిటార్ మెడ మీద, బ్రిడ్జ్ మీద ఆ బస్తా వేలాడుతూనే ఉంటుంది.

ఈ లెక్క తెలియక ఒక మార్చిలో 13-56 వేశా. మోత ఎక్కువ వస్తుందని ఎక్కడో చదివి. వచ్చింది, అబద్ధం చెప్పను, స్ట్రమ్ చేస్తే ఛాతీకి తగిలేది. కానీ ఎఫ్ బార్ కార్డ్ (చూపుడు వేలితో తీగలన్నీ ఒకేసారి నొక్కేది) పడితే చూపుడు వేలు మీద గాడి పడేది, యాక్షన్, అంటే ఫ్రెట్లకీ తీగలకీ మధ్య ఎత్తు, పైకి లేచింది, మే నెలలో ఒక మధ్యాహ్నం గుంటూరు నుంచి వస్తూ గిటార్‌ని కారు డిక్కీలో వదిలేసి భోజనానికి దిగా. రాత్రి ఇంటికొచ్చి చూస్తే బ్రిడ్జ్ వెనక అంచు కింద సందు. పోస్ట్ కార్డ్ దూర్చితే పావు అంగుళం లోపలికి వెళ్లింది. ఎండకి జిగురు మెత్తబడింది, తీగల లాగుడు పని పూర్తి చేసింది. రిపేరుకి ఇచ్చి, అతికించి, క్లాంపులు బిగించి, మళ్లీ తెచ్చుకోవడానికి రెండు వారాలు పట్టింది. తప్పు నాదే, కానీ 11 వేసి ఉంటే కొంచెమైనా నయంగా ఉండేదేమో అని ఇప్పటికీ అనుకుంటా.

భయంతో అటుపక్కకి వెళ్లి 10-47 వేశా. మా అక్క కూతురు అప్పుడే నేర్చుకుంటోంది, ఆ అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది, వారంలో ఎఫ్ పట్టేసింది. నేను గట్టిగా స్ట్రమ్ చేస్తే మాత్రం తీగలు ఫ్రెట్లకి కొట్టుకుని జిర్రుమనేవి. లావు తీగలకి మెడ సర్దించి ఉంటే సన్నవి వేసినప్పుడు లాగుడు తగ్గి మెడ వెనక్కి వాలుతుంది, ట్రస్ రాడ్ (మెడ లోపల ఉండే ఉక్కు కడ్డీ) కొద్దిగా వదులు చేయించాలి. నేను చేయించలేదు, సగం తప్పు అక్కడ. అయినా క్వయర్‌లో శబ్దం పలచగా ఉంది. నేర్చుకునే పిల్లలకి 10 వేయండి, మొహమాటపడొద్దు, వేళ్లు నొప్పెట్టి మానేసినవాళ్లని నేను చాలామందిని చూశా. ఉన్న 12లు మార్చే ఓపిక లేకపోతే అరస్వరం కిందికి ట్యూన్ చేసి మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టండి, లాగుడు 11 శాతం దాకా తగ్గుతుంది.

అలా తిరిగి తిరిగి 11-52 దగ్గర ఆగా. నా చేతికీ, ఈ లామినేట్ చెక్కకీ అది కుదిరింది.

పూత సంగతి. తీగ మీద ప్లాస్టిక్ లాంటి సన్నటి పొర వేస్తారు, చుట్టు సందుల్లోకి చెమటా మురికీ దిగకుండా. ఇలా పూత వేసే ఎలిక్సర్ తీగలు గోర్ కంపెనీవి, వానకోట్ల గోర్‌టెక్స్ చేసేది కూడా వాళ్లే. పూత ఉన్నవాటి ధర నేను కొన్నప్పుడల్లా మామూలు సెట్‌కి రెండు, రెండున్నర రెట్లు ఉంది. మొదట్లో నాకూ మనసొప్పలేదు. కానీ నా చేతి చెమటకి మామూలువి ఎండాకాలంలో మూడు వారాలు వస్తే ఇవి మూడున్నర నెలలు వచ్చాయి, లెక్క మీరే వేసుకోండి. చెమట పట్టని చేతులు కొంతమందికి ఉంటాయి, మా క్వయర్‌లోనే ఒకతను మామూలు ఫాస్ఫర్ బ్రాంజ్‌తో నాలుగు నెలలు లాగిస్తాడు, అతనికి పూత దండగ.

లోపాలు లేకపోలేదు. కొత్తలో వేలు జారుతున్నట్టు ఉంటుంది, నాకు వారం పట్టింది అలవాటవడానికి. కార్డులు మార్చేటప్పుడు వచ్చే కీచు తగ్గింది, అది మంచిదే. పిక్ తగిలే చోట కొన్నాళ్లకి పొర లేచి తెల్లటి నూగు కనిపిస్తుంది, జొన్న కంకి మీద నూగులాగా. శబ్దం అప్పటికీ బాగానే ఉంటుంది గానీ చూడ్డానికి అసహ్యం. ఆన్‌లైన్‌లో సగం ధరకి దొరికిందని ఒకసారి కొన్నా, ప్యాకెట్ మీద అక్షరాలు మసగ్గా ఉన్నాయి, ఎనిమిది రోజులకి తుప్పు. అప్పట్నుంచి చవక చూస్తే భయం.

ఏ రకమైనా సరే, వాయించే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. మే నెలలో ఆవకాయ అన్నం తిని, తుడుచుకున్నాగా అని గిటార్ పట్టుకుంటే ఆ నూనె, ఉప్పు, కారం మొత్తం తీగల చుట్లలోకే. నాది అలా ఒక సెట్ కంపు కొట్టింది కూడా. వాయించాక పాత బనియన్ గుడ్డతో తీగ పైనా కిందా తుడుస్తా. ఎవరో చెప్పారని కొబ్బరి నూనె మాత్రం రాయొద్దు, దుమ్ము పట్టి గ్రీజులా అవుతుంది.

ఇప్పుడున్న సెట్ సంక్రాంతికి వేసింది. నాలుగో తీగ మీద అప్పుడే నూగు మొదలైంది, మిగతావి బాగున్నాయి. ఈస్టర్ దాకా లాగుతాయనే అనుకుంటున్నా, ఎందుకైనా మంచిదని ఒక 11 నంబరు తీగ విడిగా కొని గిటార్ సంచి జేబులో పడేసి ఉంచా.